ఆట ముగిశాక మొదలయ్యే పాఠం

*మంత్రగత్తె అనే నెపం మీద ఒంటరి ఆడవాళ్లను తరిమేసే ఊళ్లకు వీధి నాటకం ఏం నేర్పగలదు? ఒక కథ, ఒక పాట, ఒక సినిమా జనాన్ని మార్చగలవా? జంషెడ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి మన నెల్లూరు దాకా, అనుభవం చెబుతున్న జవాబు ఇది.*

జంషెడ్‌పూర్‌లో ఖర్కాయీ నది మీద వంతెన దాటితే చాలు, జిల్లా మారిపోతుంది. అటువైపు సరైకేలా-ఖర్సావా. ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ షెడ్లు, లారీల బారులు దాటి గమ్హరియా వైపు పోతుంటే ఊళ్లు మొదలవుతాయి. అక్కడి వారపు సంతల్లో వీధి నాటకం ఆడిన రోజున తంతు దాదాపు ఒకేలా నడుస్తుంది. ముందు నగారా మోగుతుంది. కూరగాయల తట్టలు, ఎండుచేపల కుప్పలు, గిన్నెల్లో హండియా అనే బియ్యపు కల్లు పోసి అమ్మే ఆడవాళ్ల మధ్య కాస్త జాగా చేసుకుని నటులు గుండ్రంగా నిలబడతారు. ఒక ఇంట్లో పిల్లకు జ్వరం. ఓఝాను, అంటే భూతవైద్యుణ్ని పిలుస్తారు. అతను బియ్యం గింజలు చల్లి, సాల ఆకుకు నూనె రాసి, అందులో ఏదో చూసినట్టు తలాడించి, ఊరి చివర ఒంటరిగా ఉండే వితంతువు పేరు బయటపెడతాడు. ఓఝా వేషాలకు పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చేసరికి నవ్వులు ఆగిపోతాయి. చివర్లో పోలీసు వేషం వేసిన నటుడు వచ్చి చట్టం ఏం చెబుతుందో వినిపిస్తాడు. చప్పట్లు. బృందం సామాన్లు సర్దుకుని జీపెక్కి మరో సంతకు వెళ్లిపోతుంది.

కళకు జనాన్ని మార్చే శక్తి ఉందని నమ్మేవాళ్లు, ఆమెను ఈడ్చుకొచ్చినప్పుడు సంతలో అలుముకున్న నిశ్శబ్దాన్ని చూపిస్తారు. లేదనేవాళ్లు, ఆ జీపు వెళ్లిపోయాక కూడా జార్ఖండ్ పత్రికల్లో ‘డాయిన్’ (మంత్రగత్తె) హత్యల వార్తలు ఆగలేదు కదా అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మన దగ్గరా సందేశాత్మక చిత్రం అంటూ ఏదైనా విడుదలైనప్పుడల్లా ఇదే రచ్చ. సినిమా చూసి ఎవరైనా కట్నం మానేశారా అని ఒకరు, సినిమా చూసే కుర్రాళ్లు చెడిపోతున్నారని ఇంకొకరు. ఒకే మనిషి పొద్దున ఒక మాట, సాయంత్రం ఇంకో మాట అనడం కూడా మామూలే. ఈ వాదన దశాబ్దాలుగా ఉన్నచోటే తిరగడానికి కారణం ప్రశ్న అడిగే తీరే. ‘కళ నేర్పగలదా?’ అని అడుగుతున్నాం. ఆట అయిపోయాక చూసినవాళ్లు ఏం చేశారు, ఏం చేసే వీలు వాళ్లకుంది అని అడగాలి. అలా అడిగి చూస్తే, నెగ్గిన చోట్లా ఓడిన చోట్లా తేడా ఎక్కడుందో కళ్లకు కడుతుంది.

బీర్‌బాన్స్ నుంచి రాష్ట్రపతి భవన్‌కు

గమ్హరియా బ్లాకులోనే బీర్‌బాన్స్ అనే ఊరుంది. చుట్నీ మహతో ఉండేది అక్కడే. 1995లో అత్తవారి ఊళ్లో పొరుగింటి పిల్ల జబ్బుపడితే చుట్నీ చేతబడి చేసిందన్నారు. ఊరు ఆమె మీద విరుచుకుపడింది. కొట్టారు, అవమానించారు, అశుద్ధం తాగించబోయారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆమె పారిపోయి బతికింది. ఆమె ఇల్లు విడిచి పరుగెత్తిన ఆ ఊరికి, 1912లోనే దేశానికి ఉక్కు పోసి ఇచ్చిన నగరం కూతవేటు దూరం. కొలిమి దగ్గరైనంత మాత్రాన ఆసుపత్రి, బడి, పోలీస్ స్టేషన్ దగ్గర కావని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

తర్వాత ఆమె జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ వారికి చేరువైంది. డాయిన్ వేటకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టం కావాలని పట్టుబట్టిన సంస్థ అది. చుట్నీ ఊరూరా తిరిగింది. ఎక్కడైనా ఒక ఆడమనిషి మీద ఇలాంటి ముద్ర పడిందని కబురొస్తే స్వయంగా వెళ్లి నిలబడింది, పోలీసుల్ని పిలిచింది, బాధితురాలికి నీడ చూపింది. 2021లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది. ఆమె జీవితం ఆధారంగా 2014లో ‘కాలా సచ్’ అనే హిందీ సినిమా కూడా వచ్చింది. అయితే ఆ ప్రాంతపు ఆడవాళ్లకు సినిమా కన్నా పెద్ద ఆసరా చుట్నీయే. ఆమె చెప్పే కథకు నటులు అక్కర్లేదు. ఇలా జరిగిందని చెప్పిన నోటితోనే, రేపు నీకు జరిగితే నా దగ్గరికి రా అని కూడా ఆమె అంటుంది. కథ, ఆ కథ వెంటే ఒక ఆసరా: ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడమే ఆమె బలం.

> బాక్స్: చట్టం ఏమంటోంది?
> డాయిన్ వేటపై దేశంలో మొదటి ప్రత్యేక చట్టం చేసింది బిహార్, 1999లో. 2000 నవంబరు 15న జార్ఖండ్ విడిపోయాక 2001లో అదే చట్టాన్ని స్వీకరించింది. ఒకరిని మంత్రగత్తె అని వేలెత్తి చూపితే 3 నెలల దాకా జైలు లేదా రూ.1,000 జరిమానా, లేదా రెండూ. ఆ పేరుతో శారీరకంగా, మానసికంగా హింసిస్తే 6 నెలల దాకా జైలు లేదా రూ.2,000 జరిమానా, లేదా రెండూ. వైద్యం పేరుతో ఝాడ్-ఫూంక్ (మంత్రాలు ఊది భూతాన్ని వదిలించే తంతు) చేసి హింసించే ఓఝాకు ఏడాది దాకా జైలు. హత్య జరిగితే మామూలు హత్యానేరం కిందే విచారణ.

నాటకం వదిలేసే సంగతి

సంతలో ఆడే నాటకాల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. వాటి ప్రకారం డాయిన్ వేటకు కారణం మూఢనమ్మకం ఒక్కటే. ఊరు అజ్ఞానంలో ఉంది, పట్నం నుంచి వెలుగు వచ్చింది, అంతే కథ. వాస్తవం ఇంత సులువుగా లేదు. జార్ఖండ్ ఆదివాసీ సమాజాల మీద పనిచేసిన గోవింద్ కేల్కర్, దేవ్ నాథన్ వంటి పరిశోధకులు ఈ వేటకూ భూమికీ ఉన్న లంకెను చాలాకాలం కిందటే ఎత్తిచూపారు. సంతాల్ వంటి తెగల్లో భర్త పోయిన ఆడమనిషికి బతికినంతకాలం అతని పొలం మీద హక్కు ఉంటుంది. ఆమె లేకుండా పోతే ఆ పొలం మగ దాయాదులకు చేరుతుంది. అందుకే ఓఝా నోట ఎవరి పేరు వస్తుందో, ఆ పేరు రావాలని ఎవరు కోరుకుంటారో విడదీసి చూడలేం. రెండో కారణం వైద్యం. పిల్ల జ్వరానికి మలేరియా పరీక్ష చేసేవాళ్లు అందుబాటులో లేని చోట, జ్వరానికి ఒక కారణం చెప్పి, ఒక దోషిని చూపించేవాడే వైద్యుడైపోతాడు.

ఇవేవీ చెప్పకుండా ఓఝాను బఫూన్‌గా చూపించి నవ్విస్తే ఏమవుతుంది? పిల్లలు నవ్వుతారు. ఎకరం పొలం మీద కన్నేసిన మరిది కూడా గుంపులో నిలబడి నవ్వుతాడు. తన గురించి నాటకంలో ఒక్క మాటా లేదు కాబట్టి అతనికి వచ్చిన ఇబ్బందేమీ లేదు. ఆటలో మరిది పాత్ర ఉండి, వితంతువు పొలం గట్టు ప్రస్తావన ఉంటే, చూసేవాళ్లలో కనీసం నలుగురు పక్కకు తిరిగి ఎవరి వైపో చూస్తారు. కళ నేర్పడమంటే మొదటి మెట్టు అదే: చూసేవాడికి తన ఊరు, తన ఇల్లు కనిపించాలి. దీన్ని బట్టి చెప్పదలచుకున్నదేమంటే, సందేశం ఉన్నందువల్ల నాటకాలు చెడిపోవడం లేదు. సందేశం ఇచ్చేవాళ్లు ఊరి సంగతి పూర్తిగా తెలుసుకోకుండా రాసినందువల్ల చెడిపోతున్నాయి. మన దగ్గర బాణామతి, చేతబడి నెపంతో పళ్లూడగొట్టిన ఘటనల వెనుకా పాతకక్షలు, ఆస్తి తగాదాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. అక్కడ కూడా కళాజాతాలు మూఢనమ్మకం దగ్గరే ఆగిపోవడం చూస్తూనే ఉన్నాం.

కథ చెప్పారు, తర్వాత ‘ఎందుకు?’ అని అడిగారు

కథలు చెప్పడం వల్ల నిజంగా ఏదైనా మారుతుందా అన్నదానికి కొలిచిన లెక్క ఎక్కడైనా ఉందా? ఉంది. అదీ ఇదే నేల మీద. జంషెడ్‌పూర్‌కు పడమరన చక్రధర్‌పూర్‌లో ‘ఏక్‌జుట్’ అనే సంస్థ ఉంది. సరైకేలా-ఖర్సావా, పశ్చిమ సింగ్‌భూమ్, పక్కనున్న ఒడిశాలోని కేంఝర్ జిల్లాల పల్లెల్లో 2005 నుంచి 2008 దాకా ఆ సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఎక్కువమంది ఆదివాసులు ఉండే ఊళ్లవి. పుట్టిన నెలలోపే పిల్లలు చనిపోవడం అక్కడ పరిపాటి. ఆ ఊళ్లలో ఆడవాళ్ల బృందాలు నెలకోసారి కూర్చున్నాయి. బృందాన్ని నడిపేది ఆ ప్రాంతపు మహిళే. డాక్టరమ్మ కాదు, టీచరమ్మ కాదు. ఆమె బొమ్మల కార్డులు పరిచి ఒక కథ చెబుతుంది. కథలో ఒక తల్లి, ఒక పురిటి బిడ్డ. బిడ్డ చనిపోతుంది. ఎందుకు చనిపోయింది? చలికి. చలి ఎందుకు తగిలింది? పుట్టగానే తుడిచి చుట్టలేదు, నీళ్లు పోశారు. ఎందుకు? బట్ట సిద్ధంగా లేదు. ఎందుకు? పురుటికి ముందు ఎవరూ అనుకోలేదు. అలా ‘ఎందుకు’ మీద ‘ఎందుకు’ వేసుకుంటూ పోయాక, మన ఊళ్లో ఏం చేద్దాం అన్నది వాళ్లే నిర్ణయించుకుంటారు. కొన్ని నెలల తర్వాత ఊరందరినీ పిలిచి తాము అనుకున్నది చెబుతారు. ఆటలు, వేషాలు, కథలు, అన్నీ ఇందులో భాగమే.

ఫలితం చూసి వైద్య ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఆ ఊళ్లలో కొత్త ఆసుపత్రి కట్టలేదు. కొత్త మందు రాలేదు. కథ, దాని మీద చర్చ, ఆ చర్చలోంచి పుట్టిన చిన్నచిన్న ఏర్పాట్లు: పురిటికి ముందే శుభ్రమైన బట్ట, బ్లేడు సిద్ధం చేసుకోవడం, మంత్రసాని చేతులు కడుక్కునేలా చూడడం, బిడ్డను వెచ్చగా ఉంచడం. తర్వాత జార్ఖండ్‌లో సహియాలు, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు, ఇదే పద్ధతిని ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మహిళా బృందాలతో ఇలాంటి సమావేశాలు జరపాలని సిఫారసు చేసింది.

> బాక్స్: ఏక్‌జుట్ లెక్క
> ‘లాన్సెట్’ వైద్య పత్రికలో 2010 మార్చిలో ఫలితాలు వచ్చాయి. మూడు జిల్లాల్లో 36 ప్రాంతాలు, సుమారు 2.28 లక్షల జనాభా. సగం ప్రాంతాల్లో బృందాలు కూర్చున్నాయి, సగం ప్రాంతాల్లో లేవు. మూడేళ్లలో 19 వేలకు పైగా కాన్పులను లెక్కించారు. బృందాలున్న చోట నెలలోపు శిశుమరణాలు 32 శాతం తక్కువ. రెండో, మూడో సంవత్సరాలను మాత్రమే చూస్తే 45 శాతం తక్కువ. మూడో ఏట తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది.

ఈ ప్రయోగాన్ని సంతలో నాటకంతో పోల్చి చూడండి. రెండింటిలోనూ కథే సరుకు. సంతలో కథ ముగింపుతో సహా తయారై వచ్చింది, నటుడు తీర్పు చదివి వెళ్లిపోయాడు. ఏక్‌జుట్ బృందంలో కథ సగం దగ్గర ఆగింది. మిగిలిన సగం వినేవాళ్ల చేతికి వచ్చింది. పైగా వచ్చే నెల మళ్లీ కలుస్తామని అందరికీ తెలుసు. అది కళ కాదు, ఆరోగ్య కార్యక్రమం అని ఎవరైనా అనవచ్చు. బొమ్మలు చూపుతూ కథ చెప్పడం, వింటున్నవాళ్లను మధ్యలో ప్రశ్నించడం మనకు కొత్తేం కాదు. బుర్రకథలో కథకుడి పక్కనున్న వంతలు చేసే పని అదే. ఒకరు ‘అయ్యో, అప్పుడేమైంది?’ అంటారు, మరొకరు నేటి రాజకీయం లాగి నవ్విస్తారు. జనం తరఫున ప్రశ్నలడిగే మనిషిని వేదిక మీదే నిలబెట్టిన కళారూపం మనకుండగా, ఏక్‌జుట్ పద్ధతిని కళ కాదంటూ దూరం పెట్టడం తగదు.

వాచకంలో సీతమ్మ, దూబగుంటలో రోశమ్మ

ఇదే పాఠాన్ని మన నెల్లూరు జిల్లా అంతకు ముందే నేర్పింది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఊపందుకుంది. కళాజాతాలు ఊరూరా పాటలు పాడాయి. రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో వాచకాలు పట్టుకున్నారు. వాటిలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. సారా ఒక కుటుంబాన్ని ఎలా నలిపేస్తుందో అందులో ఉంది. చదవడం నేర్చుకుంటున్న ఆడవాళ్లకు అది అక్షరాల కన్నా ముందు అర్థమైంది. ఎందుకంటే అందులో కొత్త సంగతేమీ లేదు. కొత్తదల్లా ఒక్కటే, ఆ బాధ గురించి పదిమంది ఒకచోట కూర్చుని పైకి మాట్లాడుకోవడం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. తర్వాత దూబగుంట గెలుపే ఇంకో పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. 1992లో సారా వేలాలను అడ్డుకున్న వేలాది ఆడవాళ్ల వెనుక ఆ రెండు పాఠాలున్నాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

1997లో మద్యనిషేధాన్ని సడలించారన్నది కూడా చరిత్రే. సీతమ్మ కథ ఖజానాను గెలవలేకపోయింది. కానీ దాని వల్ల మొదటి సంగతి అబద్ధం కాదు. ఒక పాఠం ఊరి ఆడవాళ్లను సారా దుకాణం ముందు నిలబెట్టగలదు. రాష్ట్ర బడ్జెట్ లెక్క మార్చడం పాఠం పని కాదు, అది ఎన్నికల పని, ఉద్యమాల పని. కళ మీద మోయలేనంత బరువు పెట్టి, అది మోయలేకపోయిందని నిందించడం మన అలవాటుగా మారింది. సారా ఉద్యమంలో కథ చేయగలిగిన పనంతా చేసింది: సిగ్గును మాటగా మార్చింది.

గిరీశం ఎందుకు గెలిచాడు?

అసలు ఇబ్బందికరమైన అభ్యంతరం మరొకటుంది. జనం తమకు కావలసిందే తీసుకుంటారు, రచయిత ఇవ్వదలచుకున్నది కాదు. ఈ మాటలో చాలా సత్యం ఉంది. ఉక్కు పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జంషెడ్‌పూర్ చేరి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని, కదమా వీధుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల తాతలనాటి ఊళ్లలోనే ఇందుకు పెద్ద ఉదాహరణ ఉంది. ‘కన్యాశుల్కం’ మొదటిసారి 1892లో విజయనగరంలోనే ఆడారు. గురజాడ ఆ నాటకం రాయడం వెనుక ఒక లెక్క ఉంది. ఆనంద గజపతి మహారాజు ఆదేశం మీద విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తీశారు. మొత్తం 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. చదివే అలవాటు జనంలో ఇంకా లేదు కాబట్టి రంగస్థలమే దారి అని గురజాడ తన పీఠికలో స్పష్టంగా చెప్పుకున్నాడు. అంటే ఆ నాటకం పుట్టిందే బోధ కోసం.

మరి నూటపాతికేళ్లు దాటాక తెలుగువాడి నాలుక మీద ఉన్నదెవరు? గిరీశం. చుట్ట కాలుస్తూ, ఇంగ్లీషు దంచుతూ, సంస్కరణ కబుర్లు చెబుతూ అందరినీ మోసం చేసే గిరీశం. 1984లో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ ప్రసారం చేసినప్పుడూ ఇలాంటిదే జరిగింది. మెక్సికో ధారావాహికల నమూనాలో, ఆడవాళ్ల స్థితి గురించి, కుటుంబ నియంత్రణ గురించి ఆలోచింపజేయాలని తీసిన సీరియల్ అది. అణిగిమణిగి ఉండే తల్లి భాగవంతిని చూసి ఇలా ఉండకూడదని జనం అనుకోవాలన్నది ఉద్దేశం. ఎంతోమంది ప్రేక్షకులకు మాత్రం ఆమే ఆదర్శంగా కనిపించింది.

దీన్ని బట్టి బోధ విఫలమైందనాలా? భాగవంతి విషయంలో చాలావరకు అవును. గిరీశం విషయంలో నేను ఒప్పుకోను. గిరీశం నచ్చాడు కాబట్టే నాటకం బతికింది. నాటకం బతికింది కాబట్టే లుబ్ధావధాన్లు పెళ్లి ఎంత రోతో ప్రతి తరానికీ మళ్లీ తెలుస్తోంది. ముసలివాడికి పసిపిల్లను అమ్మే సంబంధం గురించి ఇవాళ ఏ తెలుగు ఇంట్లో మాట వచ్చినా ఆ పేరు రాక మానదు. మహారాజు చట్టం తెద్దామని చేసిన ప్రయత్నం అప్పట్లో నిలవలేదు. బాల్యవివాహాల మీద శారదా చట్టం 1929 దాకా రాలేదు. మధ్యలో ఆ సిగ్గును సజీవంగా ఉంచింది నవ్వించే నాటకమే. పిల్లల్ని అమ్ముకోవద్దని నీతులు చెబుతూ ఆ కాలంలో వెలువడ్డ కరపత్రాల్లో ఒక్కటైనా ఇవాళ ఎవరికీ గుర్తులేదు. వినోదం బోధకు అడ్డొచ్చిందని అనేవాళ్లు, వినోదం లేకుండా బోధ ఎన్నాళ్లు బతికిందో కూడా చెప్పాలి.

ఒకే దేశం, రెండు రేడియోలు

కళ మంచిని నేర్పగలదని నమ్మితే, చెడును కూడా నేర్పగలదని ఒప్పుకోక తప్పదు. తెర మీద హింసను కీర్తించే సినిమా వచ్చినప్పుడు ‘ఇది వినోదమే కదా’ అనడం, సందేశం ఉన్న సినిమాకు మాత్రం పన్ను మినహాయింపు అడగడం రెండూ కుదరవు. ఆఫ్రికాలోని రువాండా ఈ విషయంలో భయంకరమైన సాక్ష్యం. 1993, 94లలో అక్కడ ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో మంచి పాటలు, సరదా కబుర్ల మధ్య టుట్సీ తెగవాళ్ల మీద విషం చిమ్మింది. మూడు నెలల్లో లక్షలమంది ఊచకోతకు గురయ్యారు. పదేళ్లకు, 2004లో, అదే దేశంలో రెండు పల్లెల పగ, ప్రేమల గురించి ‘ముసెకెవేయా’ అనే రేడియో నాటకం మొదలైంది. ఎలిజబెత్ లెవీ పలక్ అనే పరిశోధకురాలు కొన్ని ఊళ్లలో జనం గుంపుగా కూర్చుని దాన్ని ఏడాదిపాటు వినేలా చేసి, మరికొన్ని ఊళ్లలో ఆరోగ్యంపై నాటకం వినిపించి, తేడా చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితం ఆలోచించదగ్గది. విన్నవాళ్ల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. కానీ ‘మన ఊళ్లో ఎలా నడుచుకోవాలి, నలుగురూ ఏది సరి అనుకుంటారు’ అన్న అంచనా మారింది. నడతలోనూ కొంత తేడా వచ్చింది.

డాయిన్ వేటకు దీన్ని అన్వయించి చూడండి. నాటకం చూసినవాడు మంత్రాలు లేవని ఆ రోజే నమ్మనక్కర్లేదు. ఊళ్లో మిగతావాళ్లు ఇక ఊరుకోరని అనుకుంటే చాలు, కర్ర ఎత్తబోయిన చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందుకే నాటకాన్ని ఒంటరిగా ఫోన్‌లో చూడడానికీ, ఊరంతా ఒకచోట నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చూడడానికీ చాలా తేడా ఉంది. పక్కవాడు కూడా ఇది చూశాడని నాకు తెలుసు, నేను చూశానని అతనికీ తెలుసు. వీధి నాటకం బలమంతా ఆ ఎరుకలోనే ఉంది.

పాఠం చెప్పని కళకు చోటు

అన్ని కళలూ పాఠాలే చెప్పాలా? చెప్పనక్కర్లేదు. జంషెడ్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సరైకేలాలో చైత్రపర్వం రాత్రి ఛౌ నాట్యం చూస్తే ఇది తెలుస్తుంది. అందులో మాట ఉండదు. ముఖం మీద తొడుగు ఉంటుంది కాబట్టి కన్నీరు, చిరునవ్వు కనిపించవు. మెడ వంపు, నడక, భుజం కదలికే అన్నీ చెప్పాలి. పడవవాడు, అతని భార్య తుఫానులో నది దాటే ‘నావిక్’ నృత్యంలో ఎవరికీ ఏ ఉపదేశమూ లేదు. ఉన్నదల్లా ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఆసరాగా తెడ్డు వేయడం. దానికి ‘నది దాటునప్పుడు భద్రతా నియమాలు’ అని శీర్షిక పెడితే నృత్యమూ పోతుంది, నియమాలూ ఎవరూ వినరు. ప్రతి కళాకారుడి మెడలో ఒక పథకం పేరు వేలాడదీయాలనుకునే అధికారులు ఈ తేడా గమనించాలి.

అయితే పాఠం చెప్పని కళ ఏమీ నేర్పదని కాదు. విక్రమాదిత్య మోత్వానీ తీసిన ‘ఉడాన్’ 2010లో వచ్చింది. కథ జరిగేది, సినిమా చాలావరకు తీసింది జంషెడ్‌పూర్‌లోనే. కవిత్వం రాసుకోవాలనుకునే పదిహేడేళ్ల కొడుకు, అతన్ని ఇనుప పని షెడ్డుకీ ఇంజినీరింగ్‌కీ తోసే తండ్రి. ఆ తండ్రి బెల్టు తీస్తాడు. పిల్లల్ని కొట్టకూడదని సినిమాలో ఎవరూ ప్రసంగించరు. చివర కొడుకు చిన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇల్లు విడిచిపోతాడు. ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్లలో బంధించే మన ఊళ్ల తల్లిదండ్రులకు అది చెప్పినంత గట్టిగా ఏ కౌన్సెలింగ్ కరపత్రమూ చెప్పలేదు. చూసినవాళ్లు దాని గురించి ఇంట్లో మాట్లాడుకున్నారా లేదా అన్నది మాత్రం సినిమా చేతిలో లేదు.

> బాక్స్: ఛౌ
> సరైకేలా (జార్ఖండ్), పురూలియా (పశ్చిమ బెంగాల్), మయూర్‌భంజ్ (ఒడిశా) అని ఛౌ మూడు తీరులు. మొదటి రెండింటిలో తొడుగులు ఉంటాయి, మయూర్‌భంజ్‌లో ఉండవు. తొడుగుతో ఊపిరి తీసుకోవడం కష్టం కాబట్టి సరైకేలా నృత్యాలు కొద్ది నిమిషాల్లోనే ముగుస్తాయి. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎవరి డబ్బు, ఎవరి గొంతు

మిగిలిన అభ్యంతరం అన్నిటికన్నా బరువైంది. సందేశం ఇచ్చేది ఎవరు? ఎవరి డబ్బుతో? ఆదివాసీ ఊరికి పట్నపు బృందం వెళ్లి మీరు అజ్ఞానులు అని చెబితే, అందులో నిజం ఎంతున్నా అవమానం ముందుగా చేరుతుంది. 2014 నుంచి ఏటా నవంబరులో, బిర్సా ముండా జయంతి సమయంలో, టాటా స్టీల్ ఫౌండేషన్ జంషెడ్‌పూర్‌లో ‘సంవాద్’ పేరుతో ఆదివాసుల సమావేశం జరుపుతోంది. దేశం నలుమూలల తెగలవాళ్లు వచ్చి తమ పాట తాము పాడతారు, తమ సమస్య తామే చెబుతారు. కంపెనీ డబ్బుతో జరిగే వేదికకు ఉండే హద్దులు దానికీ ఉంటాయి. భూమి గురించి, గనుల గురించి ఎంత బిగ్గరగా మాట్లాడవచ్చో ఎవరికి వారికే తెలుస్తుంది. అయినా మైకు ఎవరి చేతిలో ఉందన్న విషయంలో అది సరైన దిశలో వేసిన అడుగు. డాయిన్ నాటకం ఆ ప్రాంతపు ఆదివాసులు మాట్లాడే హో భాషలో, ఆ ఊరి ఆడవాళ్లే రాసి, ఆడితే, ఓఝా వేషం వేసిన నటికి అసలు ఓఝా ఎలా మాట్లాడతాడో, ఎవరి చెవిలో ఏం గుసగుసలాడతాడో తెలిసి ఉంటుంది.

మన తెలుగు నేల మీదా ఈ ప్రశ్న వాడిగానే ఉంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు నీళ్ల వాటా, ఉద్యోగాల లెక్కల వంటి ఎండు విషయాలను పాటగా మార్చి పల్లె పల్లెకు చేర్చాయి. బడికి వెళ్లని అవ్వకు కూడా కృష్ణా జలాల పేచీ తెలిసింది. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పాటు చేసి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. ఆకలితో పాడినవాళ్లకు జీతం దొరకడం మంచిదే, ఎంతో కాలం కింద జరగాల్సింది. కానీ ప్రశ్న అడిగిన గొంతు పథకం పేరు చదివే గొంతు అయినప్పుడు ఊరు వినే తీరు మారిపోతుంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా అంతే. జనానికి పాట నచ్చుతుంది. పాట చివర పథకం పేరు రాగానే సగంమంది లేచి వెళ్తారు.

అందుకే కళాజాతాలకు ఖర్చు పెట్టే కలెక్టర్లు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు లెక్క రాసే పద్ధతి మార్చుకోవాలి. ఇప్పుడు బిల్లులో ఉండేది ఎన్ని ప్రదర్శనలు, ఎంతమంది ప్రేక్షకులు, ఎన్ని ఫొటోలు. నలభై ఊళ్లలో ఒక్కో పూట ఆడే బదులు పది ఊళ్లలో నాలుగేసి రోజులు ఉండమనాలి. మొదటి రోజు ఆ ఊరి సంగతి వినాలి, రెండో రోజు ఊరివాళ్లతో కలిసి కథ అల్లాలి, మూడో రోజు ఆడాలి, నాలుగో రోజు కూర్చుని మాట్లాడాలి. ఆ నాలుగో రోజున సహియాను, ఏఎన్‌ఎమ్‌ను, పోలీస్ స్టేషన్ నుంచి ఒకరిని, భూమి రికార్డులు చూసే ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టాలి. వితంతువు పొలం ఎవరి పేరు మీద ఉందో అక్కడికక్కడే తీసి చూపాలి. ఆరు నెలల తర్వాత అదే బృందం అదే ఊరికి తిరిగి వెళ్లే షరతు ఒప్పందంలోనే రాయాలి. దీనికి అదనపు డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఉన్న డబ్బును తక్కువ ఊళ్లలో ఎక్కువ రోజులు ఖర్చు చేయడానికి ఒప్పుకునే అధికారి కావాలి. ఏక్‌జుట్ సమావేశాలకు సరైకేలా-ఖర్సావా ఆడవాళ్లు నెల నెలా వచ్చారు. నెల్లూరు రాత్రి బడులకు కూలి చేసి అలిసిన ఒళ్లుతో వచ్చారు. పిలిచేవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం కుదిరితే, ఈసారీ వస్తారు.